సేద్యమునకు సర్కారు సొమ్ము: ఎవరి పేర, ఎవరి చేతికి?



ఈ సాయంకాలము నేను మీ ముందు ఒక లెక్క విప్పి చెప్పదలచితిని. సేద్యము చేయువారికై ప్రభుత్వము ఏటేట ఇచ్చు సొమ్ము ఏ దారిని బయలుదేరి ఎవరి చేతికి చేరుచున్నదన్నదే ఆ లెక్క. మీలో పలువురు ఆ సొమ్ము అందుకొన్నవారే. అందక, ఎందులకు అందలేదో తెలియక, కచ్చేరీల చుట్టు తిరిగినవారును మీ ఊళ్ళలో ఉందురు. ఈ రెండు తెగలవారికిని ఉపయోగపడునట్లు చెప్పుటకు ప్రయత్నించెదను. ముందుగా నా సంగతియే చెప్పుకొందును. ఏలయన, ఈ విషయమును నేను దూరమునుండి చూచినవాడను గాను, సొమ్ము పుచ్చుకొన్నవాడను.

మాది తెలంగాణమున ఒక చెరువు క్రింది పల్లె. ఆ చెరువు క్రింద నా పేర ఆరెకరముల తరి భూమి కలదు. నేను ఉపాధ్యాయుడనై ఊరూర పనిచేసి, ఇప్పుడు పింఛను పుచ్చుకొనుచున్నాను. మేడి విడిచి ఇరువది యేండ్లు దాటినది. ఆ ఆరెకరములను ఇన్నాళ్ళుగా ఒకే రైతు కౌలుకు చేయుచున్నాడు. అతనికి సొంతముగా ఉన్నది ఇరువది గుంటల ఖుష్కి మాత్రమే.

2018వ సంవత్సరము మే నెలలో మా ఊరి బడి ఆవరణలో పందిరి వేసి, కొత్త పాసుపుస్తకములతో పాటు రైతుబంధు చెక్కులు పంచిరి. మోకాళ్ళ నొప్పిచే నడువలేని నన్ను తన మోటారు సైకిలుపై ఎక్కించుకొని అచ్చటికి తీసికొనిపోయినవాడు ఆ కౌలుదారుడే. మొదట నా పేరు పిలిచిరి. 24,000 రూపాయల చెక్కు నా చేతికి వచ్చెను. కొంతసేపటికి అతని పేరు పిలిచిరి. అతనికి 2,000 రూపాయలు వచ్చెను. ఇద్దరమును ఒకే బండిపై ఇంటికి మరలితిమి. దారి పొడుగునను అతడు ఆ మాట ఎత్తలేదు. నేనును ఎత్తలేదు.

ఇందులో లంచము లేదు, దొంగలెక్క లేదు. అధికారులు నియమము చెప్పినట్లే నడచుకొనిరి. కనుక మనము పరిశీలింపవలసినది ఆ నియమమునే.

ప్రభుత్వము రైతునకు సహాయము చేయు మార్గములు ముఖ్యముగా మూడు. మొదటిది, కొనెడి సరుకు ధర తగ్గించుట. యూరియా బస్తా అసలు ఖరీదులో పెద్ద భాగమును ప్రభుత్వమే భరించుచున్నది. ఆ లాభము బస్తా కొన్నవానికి చెందును. అతడు భూమి గలవాడా, కౌలువాడా అన్న దానినిబట్టి ధర మారదు. రెండవది, పండిన ధాన్యమును మద్దతు ధరకు కొనుట. ఆ లాభము అమ్మినవానిది. కాని కొనుగోలు కేంద్రమున భూమి కాగితము అడుగుదురు గనుక, కౌలుదారుడు పట్టాదారుని పుస్తకము అరువు తెచ్చుకొనుటయు, ధాన్యము సొమ్ము పట్టాదారుని ఖాతాలో పడిన తరువాత అతనిని అడిగి తీసికొనుటయు మీరెరిగినదే. మూడవది, నేరుగా నగదు ఇచ్చుట. ఇది సరుకును అనుసరింపదు, పంటను అనుసరింపదు. కాగితముపై నున్న పేరును అనుసరించును. నేటి మన ప్రసంగము ఈ మూడవ దానిని గూర్చియే.

నగదు ఇచ్చుటలోను రెండు కొలతలు కలవు. ఎకరమును కొలతగా తీసికొనుట ఒకటి, కుటుంబమును కొలతగా తీసికొనుట మరియొకటి. రైతుబంధు మొదటి తీరుది. అది 2018 మే 10వ తేదీన హుజూరాబాదులో ఆరంభమైనది. ఎకరమునకు పంటకు 4,000 చొప్పున, ఏటికి 8,000 రూపాయలు. 2019 వానకాలము నుండి పంటకు 5,000 చేసిరి. ఎన్ని ఎకరములున్నను పరిమితి లేదు. ఒక్క ఎకరము గలవానికి ఏటికి 10,000 వచ్చిన, ఇరువది ఎకరములు గలవానికి 2,00,000 వచ్చును. భూమి ఎక్కువ గలవానికే సహాయమును ఎక్కువ. పట్టాదారుడు ఉద్యోగియా, వ్యాపారియా, పట్టణవాసియా అని అడుగలేదు. కావుననే పింఛను పుచ్చుకొను నాకును అది వచ్చినది.

ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి రెండవ తీరుది. 2019 ఫిబ్రవరి 24న ఆరంభమైన ఈ పథకమును 2018 డిసెంబరు నుండియే వర్తింపజేసిరి. కుటుంబమునకు ఏటికి 6,000 రూపాయలు, మూడు విడతలుగా. భర్త, భార్య, మైనరు పిల్లలు కలిసి ఒక కుటుంబము. మొదట రెండు హెక్టారుల లోపువారికే అనిరి. 2019 జూన్ నుండి భూమి గలవారందరికిని విస్తరించిరి. అరెకరము గలవానికిని ఆరువేలే, పదెకరములు గలవానికిని ఆరువేలే. ఐతే ఇచ్చట కొందరిని తొలగించిరి: ఆదాయపు పన్ను కట్టువారు, నాలుగవ తరగతి వారు గాక తక్కిన ప్రభుత్వోద్యోగులు, నెలకు 10,000 రూపాయలు గాని అంతకు మించి గాని పింఛను పొందువారు, వృత్తిలోనున్న వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు మొదలైనవారు. కనుక ఈ సొమ్ము నాకు రాలేదు, రాకుండుట న్యాయమే. నా కౌలుదారునకు తన ఇరువది గుంటలనుబట్టి వచ్చెను. అతడు చేయు నా ఆరెకరములు ఆ లెక్కలోనికి రాలేదు.

చూచితిరా! ఒకే పొలము, ఒకే రైతు, ఒకే యజమాని. కొలత మారగానే సొమ్ము చేరు చేయియు మారినది. సహాయ పథకము వెలువడినప్పుడు మనము మొదట “ఎంత?” అని అడుగుదుము. అంతకు ముందుగా అడుగవలసిన ప్రశ్న “ఏ కొలత, ఏ కాగితము?” అనునది.

ఇక కాగితము మాట. పూర్వపు పహాణీలో పట్టాదారుని పేరునకు ఒక గడియు, భూమి అనుభవములో ఉన్నవానికి మరియొక గడియు ఉండెడివి. పట్వారీ ఏటేట వచ్చి, ఎవరు దున్నుచున్నారో విచారించి వ్రాయవలెను. ఆ వ్రాతలో పక్షపాతములు జరిగినవనుట నిజమే. ఆ గడి మూలమున తగవులు పుట్టినవనుటయు నిజమే. 2017లో తెలంగాణమున భూరికార్డుల సవరణ జరిగి, 2020 అక్టోబరు 29న ధరణి వచ్చునప్పటికి ఆ అనుభవదారుని గడి లేకపోయినది. పట్టాదారుడు మాత్రము మిగిలెను. దున్నువాని పేరు ఏ సర్కారు పుస్తకములోను లేనప్పుడు, సొమ్ము అతనిని ఎట్లు వెదకికొని వచ్చును?

ప్రభుత్వమువారు చెప్పిన కారణము కూడ వినవలెను. కౌలు నోటిమాటపై నడచును; ఏటేట మారును; దానిని లెక్కించబోయిన గ్రామ గ్రామమున తగవులు రేగును; పట్టాను ప్రమాణముగా తీసికొనినచో ఏబది లక్షలకు పైబడిన పట్టాదారులకు సకాలమున సొమ్ము అందింపవచ్చును అని వారనిరి. ఇందులో సత్యము లేకపోలేదు. విత్తనము వేయువేళకు సొమ్ము వచ్చుట చిన్న మేలు కాదు. భూమి గల చిన్న రైతులు వడ్డీవ్యాపారి గుమ్మము ఎక్కకుండ గడుపుకొన్న సంవత్సరములు కలవు. కాని సులువైన లెక్క వేరు, సరియైన లెక్క వేరు.

2018 ఆగస్టునుండి వచ్చిన రైతు బీమాయు ఇట్టిదే. పదునెనిమిది మొదలు ఏబదితొమ్మిది ఏండ్ల లోపు పట్టాదారుడు ఏ కారణముచే మరణించినను కుటుంబమునకు 5,00,000 రూపాయలు. ప్రీమియము ప్రభుత్వమే కట్టును. గుంటెడు పట్టా ఉన్నను వర్తించును. పదెకరములు కౌలుకు చేసినను, గుంటెడు లేనిచో వర్తింపదు.

2025 జనవరి 26న తెలంగాణములో రైతుబంధు స్థానమున రైతు భరోసా వచ్చినది. ఎకరమునకు ఏటికి 12,000. సాగుకు పనికిరాని గుట్టలను, ఇండ్ల స్థలములను తొలగించిరి. అయినను పేరు పట్టాదారునిదే. అదేరోజున భూమిలేని కూలీ కుటుంబములకు ఏటికి 12,000 రూపాయల ఆత్మీయ భరోసా ఆరంభించిరి. ఉపాధిహామీలో కనీసము ఇరువది దినములు పనిచేసి యుండవలెను. నా కౌలుదారునకు ఇరువది గుంటలున్నవి గనుక అతడు భూమిలేనివాడు కాడు. నా ఆరెకరములు తనవి కావు గనుక వాటికి భరోసా రాదు. రెండు వాకిళ్ళ నడుమ నిలిచిన మనిషి వంటివాడు.

ఆంధ్రప్రదేశములో దారి కొంత వేరు. అచ్చట కౌలు మిక్కిలి హెచ్చు. 2018–19 వ్యవసాయ సంవత్సరమును గూర్చిన జాతీయ నమూనా సర్వేనుబట్టి, దేశము మొత్తముమీద నూటికి సుమారు 17 కమతములలో కౌలుభూమి ఉండగా, ఆంధ్రప్రదేశములో నూటికి 40కి పైగా కమతములలో ఉన్నది. కావున అచ్చట కౌలుదారుని విడిచిన లెక్క లెక్కయే కాదు. 2019 అక్టోబరు 15న ఆరంభమైన రైతు భరోసాలో కుటుంబమునకు ఏటికి 13,500 ఇచ్చుచు, భూమిలేని కౌలుదారులలో షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, మైనారిటీల వారిని చేర్చిరి. తక్కిన కులముల కౌలుదారులకు ఆ భాగము వర్తింపలేదు. 2025 ఆగస్టు 2న ఆరంభమైన అన్నదాత సుఖీభవలో, కేంద్రమువారి 6,000తో కలిపి ఏటికి 20,000 రూపాయలని నిర్ణయించిరి.

ఆ రాష్ట్రమున కౌలుదారుని గుర్తించుటకు చట్టమున్నది. మొదటిది ఉమ్మడి రాష్ట్రమున 2011లో వచ్చిన భూ అధీకృత సాగుదారుల చట్టము. దాని క్రింద ఏడాదికి చెల్లు ఋణ అర్హత కార్డు నిచ్చెడివారు. పిదప 2019లో పంట సాగుదారు హక్కుల చట్టము వచ్చినది. పదునొకండు నెలలకు ఒప్పందము వ్రాసికొని, యజమాని సంతకము చేయవలెను. భూమిపై హక్కు యజమానిదే. పంటకు సంబంధించిన ఋణము, బీమా, నష్టపరిహారము సాగుదారునివి. వ్రాత చక్కగనే ఉన్నది. చిక్కు ఆ సంతకములో నున్నది. యజమాని కలము తీయడు.

ఏల తీయడు? పూర్వ చట్టముల జ్ఞాపకము అతనిని భయపెట్టును. తెలంగాణ ప్రాంతమున 1950 కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారులకు గట్టి హక్కులిచ్చెను. ఆంధ్ర ప్రాంతమున 1956 చట్టము కౌలు గడువునకు రక్షణ కల్పించెను. అవి న్యాయమునకై పుట్టిన చట్టములే. కాని నాటినుండి యజమాని మనస్సులో “కాగితము వ్రాసితినా, భూమి పోయినట్లే” అను మాట నాటుకొన్నది. కాగితము మాని నోటిమాట పట్టుకొన్నాడు. 2011 చట్టము గాని, 2019 చట్టము గాని కౌలుదారునకు భూమిపై హక్కు ఈయలేదని చెప్పినను చెవికెక్కదు.

ఇతరులను అననేల? 2012లో ఋణ అర్హత కార్డుల కొరకు విచారణ జరిగినప్పుడు, నా కౌలుదారుడు మా ఇంటి అరుగుపై కూర్చుండి, “పటేలా, నా పేరు రాయిస్తే బ్యాంకుల అప్పు పుడుతది” అని అడిగెను. నేను “చూతము లే తమ్మీ” అంటిని. మరునాడు విచారణకు వచ్చినవారితో నా భూమి నేనే చేయించుకొనుచున్నాననియు, అతడు కూలికి చేయుచున్నాడనియు చెప్పితిని. అతడు ప్రక్కనే నిలుచుండి తల యూపెను. నలుబది యేండ్లు పిల్లలకు సత్యము పలుకుమని పాఠము చెప్పిన నోటితోడనే ఆ మాట చెప్పితిని. దాని ఫలమేమి? బ్యాంకులో పంటఋణమునకు వడ్డీ నూటికి ఏటికి 7. గడువులో తీర్చినవానికి 4. అతడు ఎరువుల దుకాణములో నూటికి నెలకు రెండు రూపాయల లెక్కన తెచ్చుకొనెను. అనగా ఏటికి 24. నా భయమునకు వడ్డీ కట్టినవాడు అతడు.

ఇది మన దేశమునకే చెందిన చిక్కు కాదు. అమెరికాలో 1933 మే నెలలో వ్యవసాయ సవరణ చట్టము చేసిరి. ప్రత్తి ధర పడిపోగా, దిగుబడి తగ్గించుటకై సాగు మానిన భూమికి ప్రభుత్వము సొమ్ము ఇచ్చెను. ఆ యేడు సుమారు కోటి ఎకరముల ప్రత్తిని దున్నివేసిరి. ఒప్పందము భూయజమానితో, సొమ్ము అతని చేతికి. పాలికి చేయువారికి వారి భాగము ఈయవలెనని నియమమున్నను, ఈయనివారు పలువురు. సాగు తగ్గినదన్న నెపమున పాలికాపులను గుడిసెలనుండి వెడలగొట్టినవారును పలువురు. తుదకు 1934 జూలైలో ఆర్కాన్సా రాష్ట్రమున టైరన్జా అను ఊరిలో నల్లవారును తెల్లవారును కలిసి దక్షిణ కౌలురైతుల సంఘమును స్థాపించిరి. జాతిభేదము అంత కఠినముగా నున్న దేశకాలములలో వారిని ఒకచోట కూర్చుండబెట్టినది ఆ బాధయే. సహాయధనము భూమి వెంట నడచినచోటెల్ల దున్నువాడు వెనుకబడుననుటకు ఇది మంచి నిదర్శనము.

మరియొక దారి లేకపోలేదు. మన పొరుగున ఒడిశాలో 2018 డిసెంబరులో ప్రకటించిన కాలియా పథకమున చిన్న, సన్నకారు రైతులకు అయిదు పంటలలో కుటుంబమునకు 25,000 రూపాయలని నిర్ణయించిరి. పాలికి చేయువారిని సైతము చేర్చిరి. భూమిలేని వ్యవసాయ కుటుంబములకు మేకలు, కోళ్ళు మొదలైన జీవనోపాధికై 12,500 రూపాయలు వేరుగా ఏర్పరచిరి. కొలత ఎకరము గాక కుటుంబమైనందున, పెద్ద భూస్వామికి ఎక్కువ చేరుట అను చిక్కు అందు లేకపోయెను.

మరల మా ఊరికి వత్తును. 2023 మార్చిలో వడగండ్ల వాన కురిసి, పొట్టమీద నున్న వరి నేలకొరిగినది. 23వ తేదీన ముఖ్యమంత్రి దెబ్బతిన్న జిల్లాలలో తిరిగి, ఎకరమునకు 10,000 రూపాయలు ప్రకటించి, కౌలుదారులకును అందవలెనని చెప్పిరి. నష్టము వ్రాసికొనుటకు వచ్చిన అధికారి నాకు ఫోను చేసి, “ఈ ఆరెకరములు ఎవరు సాగు చేయుచున్నారు?” అని అడిగెను. పదునొకండేండ్లకు మరల అదే ప్రశ్న. ఈసారి నేను కౌలుదారుని పేరు చెప్పితిని. పోయి కాగితముపై సంతకము చేసితిని. భూమి పోలేదు. పరిహారము అతని ఖాతాలో పడెను. ఆ సాయంకాలము అతడు వచ్చి, సొమ్ము సంగతి ఎత్తకుండ, “పటేలా, సర్కారు కాగితం మీద నా పేరు ఇదే మొదటిసారి” అని మాత్రము అనెను. ఆ పొలమున అతడు అప్పటికి నలుబది పంటలకు మించి తీసినాడు.

పెద్దలారా, చట్టము మార్చుట మన చేతిలో లేదు. మన చేతిలో నున్నవి కొన్ని కలవు.

మొదటిది, ఊరిలో ఏ పొలము ఎవరు చేయుచున్నారో మీకు తెలియనిది కాదు. గ్రామసభలో గాని, విచారణలో గాని అడిగినప్పుడు ఉన్నమాట చెప్పుడు. ఆంధ్రప్రదేశములో పదునొకండు నెలల ఒప్పందమునకు యజమానులను ఒప్పించి, సాక్షులుగా మీరు సంతకము చేయుడు. మీ సాక్ష్యము యజమాని భయమును సగము తగ్గించును.

రెండవది, ఎకరమునకు సాయము పుచ్చుకొను యజమాని ఆ మేరకు కౌలు తగ్గించునట్లు ఊరికట్టు చేయుడు. ఇది చట్టము కోరునది కాదు, ధర్మము కోరునది. సాయము వచ్చినదని భూమి విలువ పెంచి కౌలు హెచ్చించుట మాత్రము రెండు చేతుల పుచ్చుకొనుట యగును.

మూడవది, పట్టాదారుడు మరణించిన ఇండ్లలో వారసుల పేరు వెంటనే మార్పింపుడు. చనిపోయినవాని పేర పుస్తకమున్నంత కాలము వితంతువునకు సాయము ఆగును. అన్నదమ్ముల తగవు తేలనిచోట మీరు కూర్చుండి తేల్చుడు.

నాలుగవది, అర్హత లేనివారు కిసాన్ నిధి పుచ్చుకొనరాదని చెప్పుడు. అట్లు పుచ్చుకొన్న సొమ్మును ప్రభుత్వము తిరిగి వసూలు చేయును.

నేను ఇప్పుడు రెండు పంటలలో ఒకదానికి కౌలు తీసికొనుట మానితిని. ఆ లెక్క నాకు వచ్చు సాయమునకు ఇంచుమించు సరిపోవుచున్నది. ఏటేట ఉగాదినాడు ఇద్దరు పెద్దల ఎదుట కౌలు కాగితము వ్రాయుచున్నాను. మా రాష్ట్రమున ఆ కాగితము అతనికి భరోసా తేలేదు. కాని రేపు వాన చెరచినను, వడగండ్లు పడినను, “ఎవరు సాగు చేయుచున్నారు?” అని అడిగిన నాడు చూపుటకు అది అతని పెట్టెలో నుండును. మీ ఊళ్ళలో ఇట్టి కాగితములు ఎన్ని యున్నవో ఒకమారు లెక్క చూచుకొనుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.